మా జీపునందలి సూది

స్త్రీలకు యంత్రములతో నేమి పని యని యడుగువారు నేటికిని లేకపోలేదు. అట్లడుగు పెద్దలు, తెల్లవాఱినది మొదలు రాత్రివఱకు ఇంటిలోని యంత్రములను నడుపుచున్న దెవ్వరో యొక్కమాఱు తలంచిన చాలును. గ్రైండరు తిరుగకున్నను, మిక్సీ కాలిన వాసన వేసినను, కుట్టుమిషనున దారము తెగుచున్నను, బావిమోటారు నీరెత్తకున్నను మొదట చెవియొగ్గి వినునది మనమే. మూత విప్పి చూచునదియు మనమే. ఆ యంత్రమునకే నాలుగు చక్రములు తగిలించి వీథిలో నిలిపిన తోడనే యది పురుషుల సొత్తెట్లగునో మాకు బోధపడదు. అట్టి నాలుగు చక్రముల బండిలో, గడియారమువంటి చిన్న వస్తువొకటి మమ్ము మూడు వారములు త్రిప్పలు పెట్టినది. దాని రోగమేదియో తెలిసికొన్న విధమును సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

మేమనగా ఒక యింటి తోడికోడండ్ర మిరువురము. మదనపల్లెకు ఇంచుమించు 30 కిలోమీటరుల దూరమున, హార్సిలీకొండల క్రీనీడలో మా పల్లె యున్నది. టొమాటోయు వేరుసెనగయు మా పంటలు. ఊరినుండి తారురోడ్డు చేరుటకు 4 కిలోమీటరుల రాతిబాట. అందు రెండుచోట్ల వంక దాటవలయును. సామాన్యమైన కార్లు ఆ బాటను జూచి వెనుకకు మఱలును. అందుచేత మా మామగారు, 1998లో తయారై యొకరి చేతిలో కొన్నాళ్లు నడచిన డీజిలు జీపును 2003లో కొనిరి. ఆయన 2016లో కాలధర్మము నొందిరి, జీపు మిగిలినది. మొదటి 15 యేండ్ల రిజిస్ట్రేషను గడువు 2013తో తీఱగా, అయిదేసి యేండ్లకొక మాఱు పరీక్ష చేయించి పొడిగించుకొనుచు నేటికిని నడుపుచున్నాము.

2021లో మా అత్తగారికి మూత్రపిండములు చెడినవి. అది మొదలు వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు 4 గంటల చొప్పున డయాలిసిస్ జరుగవలయును. ఆసుపత్రివారు మాకు ఉదయపు మొదటి వంతు నిచ్చిరి గావున సోమ, బుధ, శుక్రవారములందు తెల్లవాఱుజామున నాలుగున్నరకే బండి కదలవలయును. మాలో పెద్దదాని పెనిమిటికి బెంగుళూరిలో నుద్యోగము. చిన్నదాని పెనిమిటి పంటను రాత్రివేళ మార్కెట్టుకు చేర్చి ప్రొద్దెక్కిన పిమ్మట గాని యిల్లు చేరడు. కావున మాలో చిన్నది బండి నడుపును. అత్తగారు ముందుసీటున కూర్చుందురు. పెద్దది వెనుకనుండి ఆమె భుజములు పట్టుకొనియుండును. ఈ యేర్పాటులో ఒక్కనాడు తప్పినను గండమే. నీరును ఉప్పులును రక్తములో నిలిచి, రెండవనాటికే ఆయాసము వచ్చును.

ఇక మీటరు సంగతి. గ్రంథములందు దానిని టాకోమీటరు అందురు. షెడ్డులలో నందఱును ఆర్.పి.ఎం. మీటరనియే పిలుతురు. ఇంజను నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నదో అది చెప్పును. బండి వేగమును చెప్పు మీటరు వేఱు, ఇది వేఱు. జీపుల కన్నిటికిని మూలమగు సైనిక జీపు 1941లో అమెరికాలో తయారగుచున్నప్పుడు దాని ముఖమున ఈ మీటరు లేనేలేదు. వేగము, నూనె యొత్తిడి, నీటి వేడి, ఇంధనము, విద్యుత్తు, ఈ అయిదింటినే అది చూపెడిది. మా జీపునకును దీనిని మొదటి యజమాని పిమ్మట అమర్చుకొన్నాడు. గుండ్రని నల్లని ముఖము. 0 మొదలు 50 వఱకు అంకెలు. అంకెను నూటితో హెచ్చించుకొనవలయును. ఊరక నిలిచియున్న మా ఇంజను 8 దగ్గఱ నుండును. 40 దాటిన పిమ్మట ఎఱ్ఱగీత.

రాతిబాటపై ఈ మీటరు విలువ తెలియును. మొదటి గేరులో ప్రాకునప్పుడు వేగపు సూది అడుగునుండి లేవనేలేవదు. ఇంజను మాత్రము కష్టపడుచునే యుండును. మఱీ తగ్గి 10 దగ్గఱ మూల్గనిచ్చినచో బండి యెగసి యెగసి పడును. వెన్నెముక అరిగిన ముసలామెకు అది నరకము. దిగుడులో మఱియొక ప్రమాదము కలదు. డీజిలు ఇంజనునకు గవర్నరను కాపలా యుండి ఇంధనమును హద్దులో నుంచునేగాని, బండి బరువే చక్రముల ద్వారా ఇంజనును త్రిప్పుచున్నప్పుడు ఆ కాపలా పని చేయదు. చిన్న గేరులో మితిమీఱిన వేగమున దిగినచో ఇంజను ఎఱ్ఱగీత దాటిపోవచ్చును. అనుభవశాలులు దీనినంతయు చెవితోనే కనిపెట్టుదురు.

మాలో చిన్నదానికి ఆ చెవి లేదు. బాల్యమున జ్వరము వచ్చి కుడిచెవి పూర్తిగా పోయినది, ఎడమచెవి సగము. ఇంజను ధ్వని ఆమెకు పాదములక్రింది వణుకుగా మాత్రమే తెలియును. మామగారు ఆమెకు జీపు నేర్పునపుడు ఈ సూదిని చూపియే నేర్పిరి: సూది 15 కంటె తగ్గిన గేరు దింపుము, 30 దాటిన గేరు మార్చుము, దిగుడులో 35 తాకనీకుము. నాటినుండి సూదియే ఆమెకు చెవి.

2023 డిసెంబరు మొదటి వారమున సూది నిద్రపోసాగెను. తెల్లవాఱుజామున తాళము త్రిప్పి హీటరు వేడెక్కించి ఇంజనును లేపుదుము. ఇంజను లేచును, సూది లేవదు. కొంతదూరము పోయి గట్టిగా ఆక్సిలరేటరు త్రొక్కినచో దిగ్గున లేచి, అటుపిమ్మట ఏమియు జరుగనట్లు సక్రమముగా తిరుగును. మొదట 15 దగ్గఱి త్రొక్కుడునకే లేచెడిది. వారము గడచుసరికి 25 వఱకు త్రొక్కవలసి వచ్చినది. అదిగాక రాత్రివేళ హెడ్‌లైట్లు వేసినచో సూది జ్వరము వచ్చిన దానివలె వణకుచుండెను.

పట్టణములోని యొక షెడ్డులో చూపితిమి. అచ్చటి యతడు అద్దముపై వ్రేలితో రెండుమాఱులు కొట్టి, "మీటరు పోయిందమ్మా. దీంతో పనేముంది? డీజిలు బండికి ఇది సోకుకే. చెవితో వింటే చాలదా?" అనెను. మేము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. కొత్త మీటరు వేయుటకు కూలితో గూడ రెండున్నర వేలగునని చెప్పెను. మఱియొక షెడ్డువాడు బ్యాటరీ మార్చుమనెను. అది కొని అప్పటికి 8 నెలలే యైనది. మూడవవాడు ఆల్టర్నేటరునే మార్చుమనెను. ముగ్గురిలో ఒక్కడును మూత విప్పి ఏ తీగను పరీక్షింపలేదు. ఒక వైద్యుడు నాడి పట్టకుండ మందు వ్రాసిన సహింతుమా?

ఇంతలో డిసెంబరు రెండవ శుక్రవారము వచ్చినది. ఆ వారమంతయు అత్తగారికి నడుమునొప్పి హెచ్చుగా నుండుటచే, చిన్నది పట్టణము వఱకును మిక్కిలి మెల్లగా నడపెను. సూది దారి పొడుగునను సున్నయొద్దనే పడియుండెను. ఆమె పాదములక్రింది వణుకు ననుసరించియే గేర్లు మార్చుకొనుచు వచ్చినది. ఆసుపత్రి దగ్గఱకు వచ్చుసరికి దీపములు పసుపువన్నెకు దిగినవి. పని ముగిసి, నీరసించిన ముసలామెను కూర్చుండబెట్టి తాళము త్రిప్పగా బండి టిక్కుమని యూరకుండెను. ఆటోవాండ్రు నలుగురు పుణ్యాత్ములు త్రోయగా ఇంజను లేచినది. సూది సంగతి సోకు కాదని నాడు మాకు రూఢియైనది. తెల్లవాఱుజామున వంకలో ఆగియున్నచో త్రోయువారెవ్వరు?

మా వీథిచివర, ఆర్.టి.సి. డిపోలో చిరకాలము కరెంటుపని చేసి విశ్రాంతి గొన్న పెద్దాయన యొకరున్నారు. కంటిచూపు తగ్గుటచే ఆయన యిప్పుడు పనిముట్టు పట్టరు. మేము పోయి సంగతి చెప్పగా ఆయన, "మీటరును తిట్టద్దండమ్మా, దానికి కబురు యాడినుంచి వస్తా ఉందో కనుక్కోండి" అని, అరుగుమీద సుద్దముక్కతో బొమ్మగీసి చెప్పిరి. ఆ బొమ్మనే ఇచట మాటలలో పెట్టుచున్నాము.

పెట్రోలు బండిలో నిప్పురవ్వ పుట్టించు కాయిలు నుండి ఈ మీటరునకు కబురందును. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టు తిరిగిన రెండు రవ్వలు. రవ్వలను లెక్కించిన చుట్లు తెలియును. డీజిలు ఇంజనులో రవ్వయే లేదు. గాలిని బిగబట్టి నొక్కినపుడు పుట్టు వేడికే డీజిలు మండును. కనుక ఆ కబురును ఆల్టర్నేటరు నుండి తెచ్చుకొనవలయును. ఆల్టర్నేటరనగా ఇంజను బెల్టుతో తిరుగుచు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపు యంత్రము. దాని లోపలి యొక చుట్టనుండి సన్నని తీగ నొకదానిని బయటికి తీసియుంతురు; ఆ కొనకు W అను అక్షరము వ్రాసియుండును. యంత్రము తిరుగుకొలది ఆ తీగలో కరెంటు అలలలలుగా వచ్చును. ఆ అలలను లెక్కించి సూది కదలును. లోపల 12 ధ్రువములున్నచో చుట్టునకు 6 అలలు. ఇంజను 800 చుట్లు తిరుగునపుడు ఆల్టర్నేటరు రెట్టింపుగా 1600 తిరుగుననుకొన్నచో, నిమిషమునకు 9600 అలలు, అనగా సెకనునకు 160. కావున సూది పడియున్నచో మూడు కారణములుండవచ్చును: లెక్కించు మీటరు చెడుట, నడుమ తీగ తెగుట, లేక అలలే పుట్టకుండుట. మూడవదే యైనచో బ్యాటరీయు నిండదు. మా శుక్రవారపు గండము మూడవదానివైపే వ్రేలు చూపుచున్నది.

మఱి గట్టిగా త్రొక్కిన సూది యేల లేచుచున్నదని యడిగితిమి. ఆయన నవ్వి, "పాలు తోడుకోవాలంటే ఏం కావాలమ్మా?" అనిరి.

ఆ యొక్క ప్రశ్నతో మాకు సగము తెలిసినది. ఆల్టర్నేటరులో తిరుగునది యయస్కాంతమే గాని, సహజమైన అయస్కాంతము కాదు. తీగచుట్టలో కరెంటు ప్రవహించిననే అది యయస్కాంతమగును. కరెంటు పుట్టవలెనన్న అయస్కాంతము కావలె. అయస్కాంతము కావలెనన్న కరెంటు కావలె. పెరుగు కావలెనన్న ముందు చెంచాడు పెరుగు కావలసినట్లే. ఆ తోడును బ్యాటరీ యిచ్చును. తాళము త్రిప్పగానే బ్యాటరీ నుండి కొంచెము కరెంటు బయలుదేరి, ఆల్టర్నేటరుపై D+ అని గుర్తుపెట్టిన కొనగుండ ఆ తీగచుట్టలోనికి పోయి దానిని మేలుకొలుపును. ఒకమాఱు కరెంటు పుట్టినపిమ్మట యంత్రము తన తోడును తానే యిచ్చుకొనును. తోడు అందనినాడు ఇనుములో మిగిలియున్న యించుక పాత అయస్కాంతశక్తియే గతి. కడిగియు కడుగని కుండలో పాలు పోసినచో ఎప్పటికో తోడుకొనునట్లు, మిక్కిలి వేగముగ త్రిప్పినగాని యంత్రము మేలుకొనదు. అత్తగారి నొప్పికి జాలిపడి మెల్లగా నడపిన నాడే బ్యాటరీ అడుగంటుట కిదియే హేతువు.

ఆ తోడు ఏ దారిని వచ్చునో కూడ ఆయన చెప్పబోవుచుండగా చీకటిపడినది. "ముందు నాలుగు దినాలు చూసి రాసుకోండి, ఒకేసారి రెండు పనులు చేయొద్దండి" అని పంపివేసిరి.

మాలో పెద్దది పాలలెక్క వ్రాయు పుస్తకములో రెండు పుటలు వదలి గీతలు గీసెను. 600 రూపాయలకు మల్టీమీటరు నొకదానిని తెప్పించితిమి. ఇది ప్రతి యింట నుండదగిన వస్తువని మా యభిప్రాయము. ఇస్త్రీపెట్టె తీగ తెగినదో లేదో చెప్పుటకును ఇదియే చాలును. ఎఱ్ఱతీగ బ్యాటరీ ధనకొనకును, నల్లతీగ ఋణకొనకును తాకించి అంకె చూచుటే పని. నిండిన బ్యాటరీ, బండి నిలిచియున్నప్పుడు 12.6 వోల్టులు చూపవలయును. ఆల్టర్నేటరు పనిచేయుచున్నప్పుడు 13.8 మొదలు 14.4 వఱకు నుండుట ఆరోగ్యలక్షణము. మా పుస్తకములో తేలిన దిది: సూది నిద్రించుచున్నంతసేపు 12.2, త్రొక్కగా సూది లేచిన క్షణముననే 14.1. ఒక్కనాడు గాక, చూచిన 6 మాఱులును ఇట్లే జరిగినది. సూదియు వోల్టులును కవలపిల్లలవలె ఒకేమాఱు లేచుచున్నవి. ఇక మీటరులో దోషమున్నదనుట కెట్లు సాధ్యము? అది పాపము ఉన్నదున్నట్లు చెప్పుచున్నది! కొత్త మీటరుపై పోవలసిన రెండున్నరవేలు ఆ పుస్తకపు పుటలో మిగిలినవి.

తరువాతి బుధవారము మేము బండి యెక్కి తాళము త్రిప్పి హీటరుకై వేచియుంటిమి. అత్తగారు చలికి తలచుట్టును శాలువ కప్పుకొని ముందుసీటున కూర్చుండి, మీటర్లవైపే చూచుచు, "ఏమ్మే, ఈడ ఎర్రదీపం ఇంకొకటి ఎలిగేది గదా, అది యాడ పోయె?" అనిరి.

చిన్నదానికి వినబడలేదు. పెద్దది ఆమె భుజము తట్టి చూపించెను. నిజమే. తాళము త్రిప్పినపుడు రెండు ఎఱ్ఱదీపములు వెలుగవలయును: నూనెబొమ్మ దొకటి, బ్యాటరీబొమ్మ దొకటి. ఇంజను లేవగానే రెండును ఆఱిపోవలయును. ఇప్పుడు నూనెదీపము మాత్రమే వెలుగుచున్నది. ఆఱవలసిన దీపము ఆఱకున్నచో ఎవ్వరైనను గమనింతురు. వెలుగవలసిన దీపము వెలుగకున్నచో గమనించువారరుదు. మూడేండ్లుగా వారమునకు మూడుమాఱులు, చేయుటకు మఱేమియు లేక ఆ పలకనే చూచుచు కూర్చుండినది గావున ఆమె కంటి కది దొరకినది. రోగిని కూర్చుండబెట్టి మనము మాటలాడుకొందుము గాని, ఆమె చూచుచుండునని తలపము.

సాయంకాలము ఈ మాట చెప్పగా పెద్దాయన అరుగుమీదనుండి లేచి నిలుచుండిరి. ఆ బ్యాటరీ దీపము ఊరక హెచ్చరికకు పెట్టినది మాత్రమే కాదట. ఆల్టర్నేటరునకు తోడు పోవుదారి ఆ బల్బు గుండనే యున్నది. తాళమునుండి బల్బులోనికి, బల్బునుండి D+ కొనకు. బల్బులోని సన్నని తీగ తెగినచో దీపమును వెలుగదు, తోడును అందదు.

మఱునాడు గురువారము, బండికి విశ్రాంతి. ఉదయమే పరీక్షకు దిగితిమి. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పియుంచి, ఆల్టర్నేటరు D+ కొననుండి సన్నతీగ నూడదీసి దాని చివరను ఇంజను ఇనుముపై తాకించితిమి. బల్బు మంచిదైనచో దీపము వెలుగవలయును. వెలుగలేదు. ఇందుచే లోపము ఆల్టర్నేటరులో గాక దానికి వచ్చు దారిలో నున్నదని తేలినది. పిదప ఋజువునకు రెండవ పరీక్ష చేసితిమి. 5 వాట్ల చిన్న బల్బునకు రెండు తీగలతికి, ఒకటి బ్యాటరీ ధనకొనకును, రెండవది D+ కొనకును తగిలించి ఇంజనును లేపితిమి. మా చేతిలోని బల్బు వెలిగి, మఱుక్షణమున ఆఱిపోయెను. సూది నిద్రలేచి నెమ్మదిగా 8 పై నిలిచెను. ఆక్సిలరేటరు ఎవ్వరును తాకలేదు. చిన్నది సీటులోనుండియే పెద్దగా నవ్వెను. ఆమె నవ్వు ఎంత బిగ్గఱగా నుండునో ఆమెకు తెలియదు. వీథిలోని కుక్కలు లేచినవి.

మీటర్ల పలకను నాలుగు మరలు విప్పి ముందునకు లాగి, బ్యాటరీదీపపు హోల్డరును త్రిప్పి తీయగా, గింజంత బల్బు బయటపడినది. గాజులోపల మసి, తీగ తెగి వ్రేలాడుచున్నది. దానిని తీసికొని దుకాణమునకు పోయితిమి. దుకాణములోని పిల్లవాడు మంచిమనసుతోనే, "అక్కా, ఇది పాతకాలంది, ఎల్.ఇ.డి. వేసుకోండి, జన్మలో పోదు" అని యొకటి చేత బెట్టెను. ఇచట నొక మాట. ఎల్.ఇ.డి. దీపము మిక్కిలి కొంచెము కరెంటుతోనే వెలుగును. ఇంటిలో నది గొప్ప గుణము. ఇచట మనకు కావలసినది వెలుగుకంటె దానిగుండ పోవు కరెంటు. ఎల్.ఇ.డి. ఇచ్చు తోడు, గరిటెడు పాలకు చాలునేమో, కడవెడు పాలకు చాలదు. కనుక పాతరకపు తీగబల్బునే, ఉన్నదానితో సమానమగు వాట్లుగలదానినే అడిగి తెచ్చితిమి. వెల 20 రూపాయలు. రెండవదానిని గూడ కొని పోపులపెట్టె ప్రక్కన భద్రపఱచితిమి.

బల్బు వేసిన పిమ్మట నిద్రరోగము పోయినది గాని, హెడ్‌లైట్లు వేసినపుడు వణుకు మిగిలియుండెను. ఒక రోగికి రెండు రోగములుండుట అరుదు కాదు. దీనికంత కథ లేదు. బండిలో ప్రతి దీపమునకును పోవుతీగ వేఱైనను, తిరిగివచ్చు దారి బండి యినుమే. దానిని ఎర్తు అందురు. మీటరు నల్లతీగయు కొన్ని దీపముల నల్లతీగలును ఒకే మరక్రింద బిగింపబడి, ఆ మర త్రుప్పు పట్టియున్నది. దీపములు వేసి, ఆ మరకును బ్యాటరీ ఋణకొనకును నడుమ మల్టీమీటరు పెట్టగా 0.9 వోల్టు చూపెను, 0.1 మించి యుండరాదు. ఉప్పుకాగితముతో మరను, దానిక్రింది యినుమును తెల్లగా రుద్ది, కొంచెము వాసెలిన్ పూసి బిగించితిమి. వణుకు పోయినది. పావుగంట పని.

ఇట్టి పనికి పూనుకొను సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు తప్పక పాటింపవలయును. తీగలు విప్పుటకు ముందు బ్యాటరీ ఋణకొనను ఊడదీయవలయును. పరీక్షకు కరెంటు కావలసినపుడే తిరిగి తగిలింపవలయును. చేతిగాజులు, ఉంగరములు, మంగళసూత్రపు గొలుసు, ఇవి బంగారమైనను కరెంటునకు భేదము లేదు. ధనకొనకును ఇనుమునకును నడుమ గాజు పడినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చర్మమున నాటును. గాజులు తీయుట శుభము కాదని సందేహించువారు, మోచేతివఱకు గట్టి గుడ్డ చుట్టుకొనవచ్చును. ఇంజను తిరుగునపుడు బెల్టు దగ్గఱకు పైటచెఱగును, జడను పోనీయరాదు. మేము జడ ముడిచి, పాత చొక్కాలు తొడిగికొంటిమి. ఇంజను నడచుచుండగా బ్యాటరీతీగ నూడదీసి ఆల్టర్నేటరును పరీక్షించు అలవాటు కొన్ని షెడ్డులలో నున్నది. అది కూడదు, కరెంటు ఒక్కుమ్మడి ఎగసి ఆల్టర్నేటరు లోపలి డయోడులు మాడిపోవచ్చును.

పెద్దాయనకు బల్బు చూపుటకు పోయితిమి. ఆయన దానిని వ్రేళ్లనడుమ త్రిప్పి, కంటికి దగ్గఱగా పెట్టుకొని, ఏమియు అనక మాకే తిరిగి యిచ్చిరి. పిదప, "బెల్టు చూసినారా?" అనిరి.

చూచితిమి. రెండు కప్పీల నడుమ బెల్టును బొటనవ్రేలితో నొక్కగా ఒక అంగుళము దిగుచున్నది. అర అంగుళము మించరాదట. బెల్టు జాఱినచో ఇంజను తిరిగినంత ఆల్టర్నేటరు తిరుగదు గావున సూది ఉన్నదానికంటె తక్కువ చూపును. వంకలో నీరు చిమ్మినపుడు సూది చటుక్కున పడి లేచుట మేమును కనిపెట్టియుంటిమి. బిగించితిమి గాని, లోపలివైపు బీటలువాఱియున్నది. కావున కొత్త బెల్టునకు చెప్పితిమి. ఆ కొలతది మదనపల్లెలో లేదు. తిరుపతినుండి శనివారమునకు తెప్పింతునని దుకాణదారుడు అడుగుడబ్బు పుచ్చుకొనెను. అంతవఱకు వంకను కొంచెము మెల్లగా దాటవలెను; ఇప్పుడు మెల్లగా నడపినను భయము లేదు.